తందానా అన్నవాళ్ల తరఫున



సికింద్రాబాద్ స్టేషన్ బయట షేర్ ఆటోలు ఆగే చోట మీరెప్పుడైనా నిలబడ్డారా? డ్రైవర్లు కేకలేస్తుంటారు. తార్నాక, తార్నాక, తార్నాక, ఉప్పల్, ఉప్పల్, తార్నాక. మొదటిసారి విన్నప్పుడు అదొక చోటు పేరు. రెండోసారీ చోటు పేరే. పదోసారి వచ్చేసరికి చోటూ లేదు, పేరూ లేదు. తార్ నాక, తార్ నాక, తార్ నాక. డప్పు మీద దరువేసినట్టు ఉంటుంది. ఒకడు ఆపితే ఇంకొకడు అందుకుంటాడు. అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్లాడు తనకు తెలియకుండానే కాలు ఆడిస్తుంటాడు.

నేనుండేది ఆ తార్నాకలోనే. తార్ అంటే తీగ. నాకా అంటే వచ్చేపోయేవాళ్లను ఆపి చూసే చౌకీ. ముళ్లతీగ కట్టిన చౌకీ ఒకటి ఇక్కడ ఉండేదని, అందుకే ఆ పేరు వచ్చిందని మావాళ్లు చెబుతారు. ఇప్పుడు తీగా లేదు, నాకా లేదు. సిగ్నల్ ఒకటుంది, దాని దగ్గర మాత్రం అందరం ఆగుతాం. పేరులోని అర్థం ఎటో పోయింది. చప్పుడు మిగిలింది.

ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నది ఆ చప్పుడు గురించే. పాటల్లో వచ్చే అర్థం లేని మాటల గురించి. లాలాలా అంటాం. తననానా అంటాం. తందానా, సువ్వీ, హైలెస్సా అంటాం. వీటికి అర్థం ఏమిటని అడిగితే నవ్వి ఊరుకుంటాం. మరి అర్థం లేనప్పుడు ఇన్ని వందల ఏళ్లుగా వాటిని ఎందుకు మోస్తున్నాం? పాటలో మిగతా మాటలు మరిచిపోయి, వీటినే ఎందుకు గుర్తుపెట్టుకుంటున్నాం?

నేను చూసిన ఒక సాయంత్రం గురించి చెబుతాను.

మా ఇంటి నుంచి ఉస్మానియా క్యాంపస్‌కి నడిచి వెళ్లొచ్చు. బతుకమ్మ రోజుల్లో సాయంత్రం అటు వెళితే మాత్రం నడక సాగదు, ఆగిపోవాల్సిందే. ఆరోజు హాస్టల్ అమ్మాయిలు ఆడుతున్నారు. నడుమ బతుకమ్మలు. తంగేడు, గునుగు, బంతి. పాట ఎత్తుకున్నది ఒక పెద్దామె. హాస్టల్ మెస్సులో పని చేస్తుందట. ఆమె ఒక ముక్క అంటుంది. అందరూ ఉయ్యాలో అంటారు. ఆమె ఇంకో ముక్క అంటుంది. అందరూ మళ్లీ ఉయ్యాలో అంటారు.

వలయంలో ఒక అమ్మాయి ఉంది. నాగాలాండ్ నుంచి చదువుకోవడానికి వచ్చింది. తెలుగు రాదు. పెద్దామె ముక్క పాడుతున్నంతసేపూ ఆ పిల్ల పక్కవాళ్ల కాళ్ల వంకే చూస్తోంది. ఎటు వంగాలో, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో చూసుకుంటోంది. ఉయ్యాలో అన్న చోటికి రాగానే తలెత్తింది. అందరికంటే గట్టిగా అంది. ఆ ఒక్క మాటా ఆమెకు వచ్చు. ఆ ఒక్క మాటతో పాట మొత్తం ఆమెది అయిపోయింది.

ఇంకోటి కూడా జరిగింది. పాడుతూ పాడుతూ పెద్దామె ఒకచోట తడబడింది. తర్వాతి ముక్క గుర్తు రాలేదు. ఎవరూ ఆగలేదు. ఉయ్యాలో అన్నారు. మళ్లీ ఉయ్యాలో అన్నారు. చప్పట్లు పడుతూనే ఉన్నాయి. అడుగులు పడుతూనే ఉన్నాయి. మూడో ఉయ్యాలోకి ఆమెకు ముక్క దొరికింది, పాట ముందుకు కదిలింది. దూరం నుంచి చూసేవాళ్లకు ఆమె మరిచిపోయిన సంగతే తెలియదు. నేను దగ్గరగా ఉన్నాను గనక ఆమె కళ్లు చూశాను.

ఉయ్యాలో అన్న మాటకు అర్థం లేదా అంటే, ఉంది. ఉయ్యాల అంటే ఉయ్యాలే. కానీ అక్కడ ఊగేవాళ్లెవరూ లేరు. సీతమ్మ కష్టాలు పాడినా ఉయ్యాలో అనే అంటారు. చెరువు నిండిన సంబరం పాడినా ఉయ్యాలో అనే అంటారు. అర్థం పక్కకు తప్పుకుంది. చోటు ఖాళీ అయింది. ఆ ఖాళీలో పాట చెప్పేవాళ్లు ఊపిరి తీసుకుంటారు. పాట రానివాళ్లు లోపలికి వస్తారు. ఈ రెండూ గుర్తుంచుకోండి. చెప్పేవాళ్లకు ఊపిరి, రానివాళ్లకు వాకిలి. అర్థం లేని మాట చేసే పని ఇదే.

పనిపాటల్లో ఈ సంగతి ఇంకా మొరటుగా కనిపిస్తుంది. మా వీధిలో కేబుల్ వేయడానికి గొయ్యి తవ్వినప్పుడు చూశాను. పది మంది కూలీలు, పది ఊళ్ల వాళ్లు. నల్లటి కేబుల్, నా మణికట్టంత లావు. ముందున్నవాడు హై అంటాడు. చేతులు బిగుస్తాయి. వెనకవాళ్లు సా అంటారు. కేబుల్ మూరెడు జరుగుతుంది. హై, సా. హై, సా. లాగండర్రా అంటే ఒకడు ముందు లాగుతాడు, ఒకడు వెనక లాగుతాడు. హైసా అంటే పదిమందీ ఒక్కసారే లాగుతారు. మా అమ్మమ్మ కాలంలో వడ్లు దంచేటప్పుడు సువ్వి అనేవాళ్లు. రోలు ఒకటే, రోకళ్లు రెండో మూడో. ఆ మాట తప్పితే రోకలి రోకలికి తగులుతుంది. ఇప్పుడు రోకళ్లు అటకెక్కాయి. వాటితోపాటు సువ్వీ అటకెక్కింది.

ఇక తందానా దగ్గరికి వద్దాం. ఈ మాట మీద నాకొక ఫిర్యాదు ఉంది.

మనం ఎవరినైనా ఎత్తిపొడవాలంటే ఏమంటాం? వాళ్లు తానా అంటే వీడు తందానా అంటాడు అంటాం. అంటే సొంత బుర్ర లేనివాడు, పైవాడు ఏమంటే అదే అనేవాడు అని. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసు. బుర్రకథ నుంచి. నడుమ కథకుడు తంబురా భుజాన వేసుకుని, చేతివేళ్లకు అందెలు తొడుక్కుని కథ చెబుతాడు. అటొకరు ఇటొకరు వంతలు, చేతిలో గుమ్మెటలు. కథకుడు ఒక చరణం విసురుతాడు. వంతలు తందాన తానా అని అందుకుంటారు. బుర్రకథకు తందాన కథ అని కూడా పేరుంది. చూశారా, మొత్తం ఒక కళకే అర్థం లేని మాట పేరుగా నిలిచింది.

అయితే వంతలు సొంత బుర్ర లేనివాళ్లా? బుర్రకథ చూసినవాళ్లు ఆ మాట అనరు. ఇద్దరు వంతల్లో ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథ మంచి పట్టులో ఉండగా ఆపి, అదేమిటి గురువుగారూ అని అడిగేది వాళ్లే. ఊళ్లో జరుగుతున్న అన్యాయాన్ని కథలోకి లాక్కొచ్చేది వాళ్లే. షేక్ నాజర్ లాంటి మహా కథకుడు, 1986లో పద్మశ్రీ అందుకున్న మనిషి, వేదిక మీద ఒంటరిగా ఏ రాత్రీ కథ నడపలేదు. పక్కన తందానా ఉండాలి. ఆ తందానా పడుతున్నంతసేపట్లో కథకుడు ఊపిరి పీల్చుకుంటాడు, ముందు చెప్పబోయేది మనసులో పేర్చుకుంటాడు. మెస్సులో పనిచేసే పెద్దామెకు ఉయ్యాలో చేసిన సాయమే నాజర్‌కు తందానా చేసింది. కాబట్టి ఇకమీదట ఎవరినైనా తందానా గాడు అనే ముందు ఒక్క క్షణం ఆలోచించండి. మీరు తిడుతున్నారా, పొగుడుతున్నారా?

అన్నట్టు, అమెరికాలోని మన తెలుగువాళ్లు పెట్టుకున్న పెద్ద సంఘం పేరు తానా. ఆ పేరు పెట్టినవాళ్లకు ఈ సామెత గుర్తొచ్చిందో లేదో గానీ, వాళ్ల సభల వార్త చదివినప్పుడల్లా నాకు తందానా అనాలనిపిస్తుంది.

అర్థం లేని మాటను మనిషి ఊరికే వదలడు. ఏదో ఒక అర్థం అంటగట్టందే నిద్రపోడు. ఇది ఇవాళ్టి జబ్బు కాదు. సామవేదం పాడేటప్పుడు మంత్రంలోని మాటల మధ్య హావు, హోయి లాంటి శబ్దాలు కలుపుతారు. వాటికి స్తోభాలని పేరు. అర్థం లేదు, పాట కోసమే ఉన్నాయి. ఛాందోగ్యోపనిషత్తు వచ్చి వాటికి కూడా అర్థాలు చెప్పింది. హావు అంటే ఈ లోకం అంది. హాయి అంటే గాలి అంది. మనకు మాత్రం హాయి అంటే హాయే. అదీ బాగానే కుదిరింది, గాలి ఆడితేనే కదా హాయి!

కర్ణాటక సంగీతంలో రాగం తర్వాత తానం పాడతారు. ఆనంత, తానం, తనంత అంటూ సాగుతుంది. అది అనంతం అన్న మాట నుంచే వచ్చిందని పెద్దలు చెబుతారు. హిందుస్తానీలో తరానా ఉంది. తోం, తన, దిర్ దిర్, దీం. దాన్ని పదమూడో శతాబ్దంలో పుట్టిన అమీర్ ఖుస్రో సృష్టించాడని చెప్పుకుంటారు. పోయిన శతాబ్దంలో ఇందౌర్‌కు చెందిన ఉస్తాద్ అమీర్ ఖాన్ ఆ తరానా మాటలు ఊరికే వచ్చినవి కావన్నారు. అవి ఫారసీ మాటలనీ, భగవంతుణ్ని పిలిచే పిలుపులనీ ఆయన వాదన. హైదరాబాద్ దర్గాల్లో ఖవ్వాలీ విన్నవాళ్లకు ఈ వాదన కొట్టిపారేయాలనిపించదు. మన్ కున్తో మౌలా పాడుతూ పాడుతూ ఖవ్వాల్ ఒక్కసారిగా తోం తననా లోకి జారుకుంటాడు. మాటలు మోయలేనంత భక్తి వచ్చినప్పుడు మాటల్ని దించేసినట్టు ఉంటుంది.

వీళ్లందరి మీదా నాకు గౌరవమే. కానీ నా అభిప్రాయం వేరు. అర్థం చెప్పిన మరుక్షణం ఆ మాట కొందరిది అయిపోతుంది. ఆ అర్థం తెలిసినవాళ్లది. అర్థం లేనంతకాలం అది అందరిదీ.

సరే, ఒక చిన్న ఆట ఆడదాం. మీరు కూర్చున్న చోటే తొడ మీద తాళం వేయండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. మళ్లీ వేగంగా. కుదరలేదు కదూ? ఒకటి అనడానికి మూడు అక్షరాలు కావాలి, రెండు అనడానికి రెండు చాలు. అంకెలు సమంగా లేవు, నాలుక తడబడుతుంది. ఇప్పుడు ఇలా అనండి. తకిట తకధిమి. తకిట తకధిమి. మూడూ నాలుగూ ఏడు. లెక్క తప్పదు. అక్షరానికి ఒక దెబ్బ. మృదంగం నేర్పే గురువు, కూచిపూడి నేర్పే గురువు అంకెలు వదిలేసి ఈ జతులు ఎందుకు పట్టుకున్నారో ఇప్పుడు మీ తొడకు తెలిసింది. అర్థం లేదు గనకే అవి లెక్కకు పనికొచ్చాయి.

పాటలోనే కాదు, మాటలో కూడా మనకు ఈ గుణం ఉంది. తార్నాక చౌరస్తాలో ఏ హోటల్ ముందైనా నిలబడండి. ఒకాయన చాయ్ వాయ్ తాగుదామా అంటాడు. ఇంకొకాయన చాయ్ గీయ్ తాగుదాం అంటాడు. మొదటాయన నోట ఉర్దూ, రెండో ఆయన నోట తెలుగు. వాయ్ అన్నా గీయ్ అన్నా అర్థం లేదు. కానీ అర్థం లేని ఆ ముక్కను బట్టి మనిషి ఇంటిభాష చెప్పేయొచ్చు. పులీ గిలీ, పనీ గినీ, ఇల్లూ గిల్లూ. ఇలా గి చేర్చడం ద్రావిడ భాషల అలవాటు. ఎమెనో లాంటి భాషాశాస్త్రవేత్తలు దీని మీద ఓపిగ్గా రాశారు. ఉస్మానియాలో 1962లో భాషాశాస్త్ర శాఖ నెలకొల్పిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు ద్రావిడ భాషల మీద జీవితమంతా పనిచేశారు. అంతటి పెద్దల శాస్త్రంలో మన గిలీకి కూడా ఒక పీట ఉంది.

ఇప్పుడు ఇంకో భాష సంగతి. మా తార్నాక పక్కనే ఇఫ్లూ ఉంది. 1958లో ఇంగ్లీషు బోధన కోసం పెట్టిన సంస్థ అది. 2007లో కేంద్ర విశ్వవిద్యాలయం అయింది. ఆ గేటు దగ్గర కాసేపు నిలబడితే అరబ్బీ, స్పానిష్, జపనీస్, ఫ్రెంచ్ నేర్చుకుంటున్న పిల్లలు మీ ముందు నుంచే వెళతారు. అన్ని భాషలు చూసినప్పుడు నాకు జామెన్‌హాఫ్ గుర్తొస్తాడు. పోలండ్ ప్రాంతంలో పుట్టిన కంటి డాక్టరు. ఆయన ఊళ్లో నాలుగు భాషల వాళ్లు ఒకరినొకరు అనుమానంగా చూసుకునేవాళ్లు. అందరికీ ఒకే రెండో భాష ఉంటే ఈ గొడవ ఉండదని ఆయన ఒక భాషను తయారుచేశాడు. 1887లో పుస్తకం అచ్చయింది. అదే ఎస్పెరాంటో. ఎస్పెరాంటో అంటే ఆశ పెట్టుకున్నవాడు అని అర్థం. మన నగరానికీ దానితో బంధం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చాలా ఏళ్లు భాషాశాస్త్రం బోధించిన ప్రొఫెసర్ ప్రబాల్ దాస్‌గుప్తా ఆ తర్వాత ప్రపంచ ఎస్పెరాంటో సంఘానికి అధ్యక్షుడయ్యారు.

ఎస్పెరాంటోలో ప్రతి ముక్కకూ అర్థం ఉంటుంది. చివర ఓ వస్తే నామవాచకం. ఆ వస్తే విశేషణం. అంతా పద్ధతి ప్రకారం. మరి ఆ భాషలో పాట పాడేవాళ్లు కూడా మనుషులే కదా, వాళ్లకూ లాలాలా అనాలనిపిస్తుంది. అక్కడే వచ్చింది చిక్కు. ఎస్పెరాంటోలో లా అంటే ఇంగ్లీషులో ద అన్న మాట లాంటిది. కాబట్టి ఎవరైనా లాలాలా అని పాడితే, వ్యాకరణం ప్రకారం ద, ద, ద అన్నట్టు. ట్రా అన్న మాటకూ అర్థం ఉంది, గుండా అని. దారి గుండా, అడవి గుండా అంటాం చూడండి, ఆ గుండా. ఇక ట్రాలాలా అని పాడితే ఏమవుతుంది? గుండా ద, ద! దేని గుండానో చెప్పడు. అయినా ఎస్పెరాంటో పాటల్లో లాలాలా హాయిగా వినిపిస్తూనే ఉంటుంది. వింటున్నవాళ్లెవరూ వ్యాకరణం అడగరు. లోకమంతటికీ ఒకే భాష కావాలని ఒక డాక్టరు ఎంతో కష్టపడ్డాడు. లాలాలా అప్పటికే లోకమంతటా ఉంది.

ఈ ఆశ అన్న మాటతో ఇంకో ముచ్చట. ఐస్‌లాండ్‌లో సిగుర్ రోస్ అని ఒక బృందం ఉంది. 2002లో వాళ్లు ఒక ఆల్బమ్ తెచ్చారు. అందులో ఒక్క మాటకూ అర్థం లేదు. మొదటి నుంచి చివరి దాకా గొంతు పలికే చప్పుళ్లే. ఆ చప్పుళ్ల భాషకు వాళ్లొక పేరు పెట్టుకున్నారు. వోన్లెన్‌స్కా. వోన్ అంటే వాళ్ల భాషలో ఆశ. అన్నింటికీ అర్థం ఉన్న భాష పేరులోనూ ఆశే. దేనికీ అర్థం లేని భాష పేరులోనూ ఆశే. ఇది నేను కల్పించింది కాదు, అలా కలిసొచ్చింది.

ఇఫ్లూ గోడ పక్కన నడిచేటప్పుడు నాకు గుర్తొచ్చే పాట ఇంకొకటి. 1972లో ఇటలీ గాయకుడు అద్రియానో చెలెంతానో పాడాడు. వింటే అచ్చంగా అమెరికా ఇంగ్లీషు. చెవి రిక్కించి వినండి, ఆల్ రైట్ అన్న ఒక్క మాట తప్ప ఏదీ ఇంగ్లీషు కాదు, ఇటాలియన్ కాదు, ఏ భాషా కాదు. ఇంగ్లీషు రానివాడి చెవికి ఇంగ్లీషు ఎలా వినిపిస్తుందో అలా పాడాడు. అది పెద్ద హిట్టయింది. మన చిన్నప్పుడు స్కూల్లో ఇంగ్లీషు రైమ్స్ మనం పాడింది కూడా అలాగే కదా! నేనైతే ఐదో తరగతి దాకా ఒక రైములో సగం మాటలు సొంతంగా పుట్టించుకుని పాడాను. టీచరు ఎప్పుడూ పట్టుకోలేదు. ఆవిడకూ ఆ సగం రాదేమోనని ఇప్పుడు అనుమానం.

సినిమా పాటల సంగతి మీకు చెప్పాలా? సంగీత దర్శకుడు ముందు తననానా అని ట్యూను వినిపిస్తాడు. కవి ఆ తననాల కొలతకు సరిపడా మాటలు వెతుక్కుంటాడు. ఒక్కోసారి మాటలు వచ్చాక, తననానే బాగుందని అనిపిస్తుంది. పేర్లు చెప్పను గానీ, ఈమధ్య చాలాసార్లు అనిపిస్తోంది.

చివరగా మనందరికీ తెలిసిన ఒక రాగం. తెల్లవారుజామున ఆకాశవాణి ప్రసారాలు మొదలయ్యే ముందు వినిపించేది. చెకోస్లోవేకియా నుంచి బొంబాయి వచ్చిన యూదు సంగీతకారుడు వాల్టర్ కౌఫ్‌మన్ కట్టిన బాణీ అది. అందులో మాటలు లేవు. అది ఎలా ఉంటుందో మీ మనవరాలికి చెప్పాలంటే ఏం చేస్తారు? తానా నాననా అనే కదా వినిపిస్తారు. వేరే దారి లేదు.

ఇంతా చెప్పింది ఒక మాట అడగడానికి. ఈ ఉస్మానియాలోనే బిరుదురాజు రామరాజుగారు 1950ల్లో జానపద గేయాల మీద పరిశోధన చేశారు. ఊరూరా తిరిగి పాటలు సేకరించారు. ఆ తర్వాత ఎందరో ఆ దారిలో నడిచారు. కానీ పాటను కాగితం మీద పెట్టేటప్పుడు చాలామంది చేసే పని ఒకటుంది. ఉయ్యాలో అని మొదటి రెండు పాదాల్లో రాస్తారు, తర్వాత వదిలేస్తారు. కాగితం మిగులుతుంది. పాటలో సగం పోతుంది. ఎక్కడ సాగదీశారు, ఎక్కడ కురచ చేశారు, ఎవరు ముందు అందుకున్నారు, అదేదీ కాగితం మీద ఉండదు.

ఇప్పుడు మీ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. మీ ఇంట్లో నాయనమ్మో, అమ్మమ్మో ఉండే ఉంటుంది. నాటు వేసేటప్పుడు పాడిన పాటో, జోలపాటో, దంపుడు పాటో ఆమెకు వచ్చే ఉంటుంది. ఈ ఆదివారం రికార్డు చేయండి. ఆమె తర్వాతి ముక్క మరిచిపోయి సువ్వీ సువ్వీ అంటూ ఆగిపోతే, ఫోను ఆపకండి. మీరూ సువ్వీ అనండి.